నడుం కలుక్కుమనక ముందే...

ఈ మాట చెబితే నవ్వుతారేమో గానీ, నా నడుం పట్టేసింది గ్యాస్ బండ ఎత్తినందుకు కాదు, నీళ్ల బిందెలు మోసినందుకూ కాదు. కిలో బరువు కూడా లేని ఒక చిన్న చక్రం వల్ల!

మధ్యలో చక్రం, అటూ ఇటూ పట్టుకోవడానికి రెండు పిడులు. చూడ్డానికి చపాతీల కర్రకి బండి చక్రం తొడిగినట్టుంటుంది. దీన్ని ‘ఆబ్ రోలర్’ అంటారు. నేల మీద మోకాళ్లూని, రెండు చేతులతో దాన్ని ముందుకి దొర్లించి, మళ్లీ వెనక్కి లాక్కోవాలి. పొట్ట కండరాలు గట్టిపడతాయని మా అబ్బాయి ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నాడు. నాలుగు రోజులు చేశాడు, అయిదో రోజు మంచం కిందికి తోసేసి, సెలవులు అయిపోగానే హాస్టలుకి వెళ్లిపోయాడు.

ఓ రోజు ఇల్లు ఊడుస్తుంటే అది చీపురుకి తగిలింది. డబ్బు పోసి కొన్న వస్తువు, ఇంట్లో ఎవరో ఒకరికి ఉపయోగపడాలి కదా! తలుపు గడియ పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి మొదలుపెట్టాను. మొదటిసారి బాగానే వెళ్లింది. రెండోసారీ వెళ్లింది. మూడోసారి బారెడు దూరం వెళ్లాక వెనక్కి లాగుదామంటే రాదే! నడుం కిందికి జారిపోయి కలుక్కుమంది. ఆ గడియ తీయడానికి తలుపు దాకా పాక్కుంటూ వెళ్లాను.

మూడు రోజులు మంచం దిగలేదు. నొప్పి సంగతి అలా ఉంచండి. అప్పటికి రెండు నెలల కిందటే మా అత్తయ్యగారు బాత్‌రూములో జారిపడి, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్నారు. ఆవిడకి 78 ఏళ్లు. మంచం మీద నుంచి లేపాలన్నా, వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించాలన్నా నేనే. ఆ మూడు రోజులూ మావారు సెలవు పెట్టి ఇద్దరికీ చాకిరీ చేశారు. అత్తయ్యగారేమో “నన్ను ఎత్తీ ఎత్తీ నీ నడుం పోయిందే అమ్మాయీ” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చక్రం సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ అలా అనుకుంటుంటే ఊరుకున్నాను చూశారూ, అది నడుం నొప్పి కన్నా ఎక్కువ బాధపెట్టింది.

నేనిలా పడిపోతే ఇంట్లో ఇద్దరం మంచం మీదే అన్న భయం నాకు అప్పుడే పట్టుకుంది. అందుకే నేర్చుకున్నాను. నేర్చుకున్నది మీకూ చెబుతున్నాను.

ఇంటి చాకిరీ చాలదా?

అత్తయ్యగారికి ఎక్సర్‌సైజులు చేయించడానికి ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి మా ఇంటికి వచ్చేది. నాలుగో రోజు నా నడక చూసి, “ఏంటాంటీ, అలా వంగి నడుస్తున్నారు?” అని అడిగింది. వంటింట్లోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి నిజం చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. నొప్పి కాల్లోకి దిగుతోందా, తిమ్మిరిగా ఉందా, ఒంటికి వెళ్లేటప్పుడు ఇబ్బందిగా ఉందా అని ముందు అడిగింది. ఇవేమీ లేవన్నాక అప్పుడు చెప్పింది: “చక్రం మంచిదే ఆంటీ. కానీ అది పదో తరగతి. మీరింకా ఒకటో తరగతిలో చేరలేదు.”

నాకు రోషం వచ్చింది. తెల్లారుజామున లేచి రాత్రి పదింటి దాకా ఒళ్లు వంచి పని చేస్తున్నాను, నాకింకా వ్యాయామం ఏమిటన్నాను. “ఆ వంచడమే కదా ఆంటీ గొడవ” అంది.

ఆలోచిస్తే నిజమే. ముగ్గు వేసినా, గిన్నెలు తోమినా, గుడ్డలు ఉతికినా, ఇల్లు తుడిచినా మనం చేసేది ఒకటే, ముందుకి వంగడం. ఒకే వైపు, ఒకే తీరున, ఏళ్ల తరబడి. వెన్నెముకని నిలబెట్టి పట్టుకునే కండరాలకి అందులో పెద్దగా శిక్షణ ఉండదు. మా అమ్మమ్మ రోజుల్లో రోకళ్లతో దంచేవాళ్లు, తిరగళ్లు తిప్పేవాళ్లు, అందుకే గట్టిగా ఉండేవాళ్లు అని మనం అంటూ ఉంటాం. నిజమే గానీ, నడుం వంగిపోయి చేతికర్ర పట్టిన వాళ్లు ఆ తరంలో మాత్రం తక్కువా?

ఇంకో సంగతి కూడా చెప్పింది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయట. అందుకని లేచిన మొదటి గంటలో బాగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. మనమేమో కళ్లు తెరవగానే చీపురు పట్టుకుని వాకిట్లోకి వెళ్తాం! ఇప్పుడు నేను ముందు పాలు కాచి, కాఫీ పెట్టి, కాసేపు అటూ ఇటూ తిరిగాకే వాకిలి సంగతి చూస్తున్నాను.

లోపలి నడికట్టు

మన పెద్దవాళ్లు బాలింతలకి నడికట్టు కట్టేవాళ్లు, గుర్తుందా? పాత చీర మడిచి పొట్ట చుట్టూ బిగించి కట్టేవాళ్లు. దేవుడు మనందరికీ లోపల అలాంటి నడికట్టు ఒకటి ఇచ్చే పంపాడు. ఇంటర్‌లో బైపీసీ చదివినా ఇది నా బుర్రకెక్కింది ఇప్పుడే.

పొట్టలో అన్నిటికన్నా లోపల, వెనక నుంచి ముందుకి అడ్డంగా చుట్టుకుని ఒక పల్చటి కండరం ఉంటుంది. అదే ఆ నడికట్టు. దాని మీద పక్కల నుంచి ఏటవాలుగా వెళ్లేవి కొన్ని, ముందు వైపు నిలువుగా రెండు పట్టీలు, వెనక వెన్నుపూసల్ని పట్టి ఉంచే చిన్న చిన్న కండరాలు. పైన మూతలాగా ఊపిరి తీసుకునే డయాఫ్రం, అడుగున మూత్రాశయాన్నీ గర్భసంచినీ మోసే కండరాలు. ఇవన్నీ కలిపి ఒక డబ్బా అనుకోండి. ఆ డబ్బా గట్టిగా ఉంటే బరువు ఎత్తినప్పుడు వెన్ను కదలకుండా నిలబడుతుంది. దీన్నే ఇంగ్లీషులో ‘కోర్’ అంటున్నారు.

బరువంటే ఏ పాటి అంటారా? మనింటికొచ్చే గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, సుమారు 15, 16 కిలోలు. అంటే నిండు బండ 30 కిలోల దగ్గర. దాన్ని ఎత్తకండి. కాస్త పక్కకి వంచి, అడుగు అంచు మీద దొర్లించండి. లేదా చక్రాల స్టాండు కొనుక్కోండి.

డబ్బు పెట్టక ముందు

అందుకే మొదటి ఆరు వారాలూ ఆ అమ్మాయి నాతో ఏమీ కొనిపించలేదు. మందపాటి జంపఖానా చాలంది. గచ్చు మీద అది జారకుండా చూసుకోవాలి. ఇలా మొదలైంది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఎవరో వేలితో పొట్టలో పొడవబోతున్నట్టు పొట్టని కొంచెం బిగించండి. లోపలికి పీల్చడం కాదు, బిగించడం. ఊపిరి మామూలుగా ఆడుతూ ఉండాలి. పది లెక్కపెట్టి వదలండి. ఇది వచ్చేదాకా మిగతావి వద్దు.

తర్వాతవి మూడు. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ అనే ప్రొఫెసరు వీటికి ప్రాచుర్యం తెచ్చారు.

ఒకటి: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు చాపాలి. రెండు అరచేతులూ నడుం కింద పెట్టుకుని, తలా భుజాలూ నేల మీద నుంచి కొద్దిగా, తల కింద తలగడలో గాలి ఆడేంత మాత్రమే లేపాలి. పూర్తిగా లేచి కూర్చోకూడదు.

రెండు: పక్కకి తిరిగి పడుకుని, మోకాళ్లు మడిచి, మోచేతి మీద ఆనుకుని తుంటిని పైకి లేపాలి. రెండు పక్కలా చేయాలి.

మూడు: పసిపిల్లలు పాకేటప్పుడు ఉన్నట్టు అరచేతులు, మోకాళ్ల మీద ఉండి, కుడి చేయి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపాలి. తర్వాత మార్చాలి. నడుం మీద నీళ్ల గ్లాసు పెడితే ఒలకకూడదన్నంత నిలకడగా ఉండాలి.

ప్రతి దాంట్లోనూ పది సెకన్లు ఆగాలి. మొదట ఆరు సార్లు, కాస్త ఆగి నాలుగు సార్లు, మళ్లీ ఆగి రెండు సార్లు. ఎక్కువసేపు బిగబట్టి వణకడం కన్నా కొద్దిసేపు చొప్పున ఎక్కువసార్లు చేయడం మేలట. మొదట్లో నాకు ఆరు అంటే ఆరు కూడా రాలేదు. మూడుతో ఆపేసేదాన్ని.

గాలి బంతి

ఆరు వారాలయ్యాక పెద్ద గాలి బంతి కొన్నాను. దీన్ని ‘స్విస్ బాల్’ అంటారు గానీ పుట్టింది ఇటలీలో. 1963లో అక్విలినో కోసాని అనే ప్లాస్టిక్ తయారీదారు దీన్ని చేశాడు. స్విట్జర్లాండ్‌లో ఫిజియోథెరపిస్టులు చికిత్సకి వాడుతుంటే చూసిన అమెరికా వాళ్లు ఆ పేరు పెట్టారు.

కొనేటప్పుడు మీ పొడుగు చూసుకోండి. అయిదడుగుల లోపు వాళ్లకి 45 సెంటీమీటర్లది, అయిదడుగుల నుంచి అయిదడుగుల ఏడంగుళాల దాకా 55 సెంటీమీటర్లది సరిపోతుంది. అంతకన్నా పొడుగైతే 65. దాని మీద కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆని, తొడలు నేలకి సమానంగా ఉండాలి. మోకాళ్లు గడ్డం దగ్గరికొస్తే బంతి చిన్నదన్నమాట. గాలి కొట్టేటప్పుడు ఒక చిట్కా: గోడ మీద 55 సెంటీమీటర్ల ఎత్తులో పెన్సిలుతో గీత పెట్టుకోండి. బంతి పక్కన పెట్టి, పైన స్కేలు ఆనిస్తే ఎంత వచ్చిందో తెలిసిపోతుంది. గుచ్చుకుంటే ఢామ్మని పేలకుండా మెల్లగా గాలి దిగే రకం తీసుకోండి.

ముందు గోడకి ఆనించి కూర్చోండి. వెన్ను నిటారుగా ఉంచి, పొట్ట కొద్దిగా బిగించి, ఒక పాదాన్ని రెండంగుళాలు లేపండి. బంతి కదలకూడదు. ఇంతేనా అనిపిస్తుంది. చేసి చూడండి, తెలుస్తుంది! అది కుదిరాక, నేల మీద వెల్లకిలా పడుకుని మడమలు బంతి మీద పెట్టి తుంటిని పైకి లేపొచ్చు.

ఒక్క మాట. చీరతో చేయకండి, పంజాబీ డ్రెస్సు వేసుకోండి. ముఖ్యంగా పిన్నీసులు తీసేయండి! బంతికీ ప్రమాదమే, మనకీ ప్రమాదమే. మెట్టెల మొనలు కూడా చూసుకోండి. తడి గచ్చు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

రబ్బరు పట్టీ

అన్నిటిలోకీ చవకైనదీ, మడిచి బీరువాలో పెట్టుకోగలిగినదీ ఇదే. రంగుని బట్టి బిగువు మారుతుంది. ఏ రంగు ఎంత బిగువో కంపెనీకో తీరుగా ఉంటుంది కాబట్టి రంగు చూసి కాదు, లాగి చూసి కొనండి.

కిటికీ ఊచకి ఛాతీ ఎత్తులో పట్టీ కట్టండి. తెరిచి మూసే తలుపుకి కట్టొద్దు. కిటికీకి పక్కగా నిలబడి, పట్టీ చివర్ని రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని, చేతులు నెమ్మదిగా ముందుకి చాపండి. పట్టీ మిమ్మల్ని కిటికీ వైపు తిప్పెయ్యాలని చూస్తుంది. మీరు తిరగకూడదు. అదే వ్యాయామం! ఒక్కో వైపు ఎనిమిది, పది సార్లు. అత్తయ్యగారిని లేపేటప్పుడు నడుం మెలి తిరక్కుండా పట్టుకోవడం నాకు దీనితోనే వచ్చింది.

పట్టీని ఎండలో పెట్టకండి. పగుళ్లు కనిపిస్తే తీసేయండి, తెగితే మొహానికి కొడుతుంది. రబ్బరు పడని వాళ్లు లేటెక్సు లేనిది అడగండి.

చివరికి చక్రం

నాలుగో నెలలో ఆ చక్రాన్ని మళ్లీ బయటికి తీశాను. ఈసారి గోడ ఎదురుగా. మోకాళ్ల కింద మడిచిన దుప్పటి వేసుకుని, చక్రం జానెడు దూరం వెళ్లగానే గోడకి తగిలి ఆగేటట్టు కూర్చున్నాను. ఎన్ని వారాలైతే అన్ని వారాలు అక్కడే. అది తేలికైతే ఇంకో నాలుగంగుళాలు వెనక్కి జరగాలి. వెళ్లేటప్పుడు పొట్ట బిగువుగా ఉండాలి, నడుం ఊయల్లాగా కిందికి జారకూడదు. వెనక్కి లాగేటప్పుడు ఊపిరి వదలాలి. అయిదారు సార్లు, రోజు విడిచి రోజు. పని పొట్టకి తెలియాలి గానీ నడుముకి తెలియకూడదు. నడుముకి తెలిసిందంటే ఆ రోజుకి ఆపేయమన్నమాట.

వీటికి మాత్రం డబ్బు తగలేయకండి

కట్టుకుంటే చాలు పొట్ట కరుగుతుందనే బెల్టులు టీవీలో చూసే ఉంటారు. వేడి బెల్టుతో పోయేది చెమట, రెండు గ్లాసుల నీళ్లు తాగితే ఆ బరువు మళ్లీ వచ్చేస్తుంది. కరెంటుతో కండరాల్ని అదిలించే బెల్టుల ప్రకటనలు తప్పుదారి పట్టిస్తున్నాయని 2002లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మూడు రకాల బెల్టులు అమ్మేవాళ్ల మీద కేసులు పెట్టింది. కదలకుండా కండరం గట్టిపడే దారి ఉంటే మనకీ తిప్పలెందుకు?

అసలు పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట మీది కొవ్వే కరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. కొవ్వు ఒక్క చోటే కరగమంటే కరగదు. దానికి తిండి, నడక చూసుకోవాలి. ఇవి బలానికి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, రెండు రోజులైనా కండరాల బలానికి వ్యాయామం చేయాలని ఉంది.

ఎవరు ఆగాలి?

కాన్పు అయిన వాళ్లు, ముఖ్యంగా ఆపరేషన్ అయిన వాళ్లు డాక్టరు సరేననేదాకా ఆగండి. కాన్పుల తర్వాత కొందరికి పొట్ట ముందున్న రెండు పట్టీలూ ఎడంగా జరిగిపోతాయి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి, బొడ్డుకి కాస్త పైన వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు ఉన్నా, మధ్యలో పొట్ట మిట్టలాగా పొంగినా చక్రం జోలికి వెళ్లకుండా ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి.

గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారాయని చెప్పిన వాళ్లు కూడా డాక్టర్ని అడగందే మొదలుపెట్టొద్దు. ఊపిరి బిగబట్టడం ఎవరికీ మంచిది కాదు. దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు ఒంటికి పోతోందంటే అది అడుగు కండరాల బలహీనత కావచ్చు. సిగ్గుపడి దాచుకోకండి, దానికి వేరే వ్యాయామాలున్నాయి. నొప్పి కాల్లోకి దిగినా, తిమ్మిరెక్కినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా ఇంటి చిట్కాలు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇప్పుడెలా ఉందంటే...

పొట్ట తగ్గిందా అని అందరూ అడుగుతారు. ఏడాది దాటింది. నా జాకెట్టు కొలతలు అలాగే ఉన్నాయి, అబద్ధం ఎందుకు? కానీ పప్పు డబ్బా కోసం వంగితే చేయి నడుం మీదికి పోవడం లేదు. నేల మీద కూర్చుని కూర తరిగి, చేత్తో ఊతం పట్టకుండా లేస్తున్నాను. అత్తయ్యగారిని మంచం మీద నుంచి లేపేటప్పుడు ఇప్పుడు భయం లేదు.

ఆవిడకి చక్రం సంగతి చెప్పేశాను. రెండో నెలలో, ఒక మధ్యాహ్నం, ఇక దాచలేక. “మీ మూలాన కాదండీ అత్తయ్యగారూ, నా తెలివితక్కువ మూలాన” అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. “ఇన్నాళ్లూ నేను నీకు బరువైపోయాననుకున్నానే” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆవిడే, “ఏదీ, ఆ చక్రం ఎలా ఉంటుందో చూపించు” అన్నారు.

అప్పట్నించీ నా పది సెకన్లు లెక్కపెట్టే పని ఆవిడదే. నేను జంపఖానా మీద, ఆవిడ మంచం మీద. పాతకాలపు మనిషి కదా, ఒకటి అనరు. “లాభం... రెండు... మూడు...” అంటూ వడ్లు కొలిచినట్టు లెక్కపెడతారు. నేను మధ్యలో కింద పడితే “మళ్లీ లాభం నుంచి” అంటారు.

మొన్న దసరా సెలవులకి మా అబ్బాయి వచ్చి, “అమ్మా, నా చక్రం ఏదీ?” అని మంచం కింద వెతికాడు. వాళ్ల నాయనమ్మే జవాబు చెప్పింది: “ముందు జంపఖానా పరువు నాయనా, ఒకటో తరగతి నుంచి రా!”

మీ ఇంట్లో కూడా ఏ మంచం కిందో ఇలాంటి వస్తువు ఉండే ఉంటుంది. దాన్ని అక్కడే ఉంచండి. ఈ రోజుకి జంపఖానా మాత్రం తీయండి. ఏమంటారు?